బోరేసినోళ్లందరికి నీళ్లు పడ్డయా?

మా గైడ్ మేడమ్ మొదటి రోజు బోర్డు మీద ఒక వాక్యం రాశారు: "గాడిద ఉన్న ప్రతి రైతూ దాన్ని కొడతాడు." నాకు నవ్వాగలేదు. మాది దేవరకొండ వైపు మెట్ట ఊరు. గాడిద ఉన్న రైతును పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అదే మాట చెప్పాను. "మరి మీ రైతులకేం ఉంటాయి?" అన్నారు మేడమ్. "బోర్లు" అన్నాను. "అయితే బోరు పెట్టి రాసుకో."

నా పీహెచ్‌డీ అంశం అట్లా ఖాయమైంది. కాగితం మీద దాని పేరు చాలా పొడుగు. విడమరిచి చెప్తే ఇంతే: తెలుగు వాక్యాన్ని తర్కసూత్రంగా మార్చాలి, దాన్ని కంప్యూటర్‌కు ఇవ్వాలి, "ఇది నిజమైతే అది కూడా నిజం కావాలా?" అని అడగాలి.

ఈ గాడిద కథ కొంచెం చెప్పక తప్పదు. పీటర్ గీచ్ అనే తత్వవేత్త 1962లో తన పుస్తకంలో ఇలాంటి వాక్యాన్ని చర్చకు పెట్టాడు. అప్పటి నుంచి ఈ రంగంలో వాటిని గాడిద వాక్యాలనే అంటారు. చిక్కు ఎక్కడంటే, తర్కంలో "ప్రతి"కి ఒక గుర్తు ఉంది, తలకిందులుగా రాసిన ఇంగ్లీషు ఏ. "ఒకటి ఉంది" అనడానికి ఇంకో గుర్తు, వెనక్కి తిరిగిన ఈ. "ప్రతి రైతూ పత్తి వేశాడు" అని రాయడం సులువే. ర అని ఎవరిని తీసుకున్నా, ర రైతైతే, ర పత్తి వేశాడు. అయిపోయింది. "బోరు వేయించిన ప్రతి రైతుకూ అందులో నీళ్లు పడ్డాయి" దగ్గరికి వచ్చేసరికి బండి ఆగుతుంది. "బ అనే బోరు ఒకటి ఉంది, దాన్ని ర వేయించాడు" అని రాసి బ్రాకెట్ మూసేస్తాం. ఆ తర్వాత "అందులో" వస్తుంది. ఎందులో? బ లో. కానీ బ బ్రాకెట్ లోపలే ఉండిపోయింది. "అందులో" బయట నిలబడి తలుపు కొడుతోంది, తీసేవాళ్లు లేరు.

మనుషుల భాషకూ తర్కవేత్తలు తయారుచేసుకున్న భాషలకూ సిద్ధాంతపరంగా పెద్ద తేడా లేదని వాదించిన రిచర్డ్ మాంటేగ్ 1971లో నలభై ఏళ్లకే చనిపోయాడు. ఆయన పేరు నిలబెట్టిన వ్యాసం, ఇంగ్లీషు వాక్యాలను తర్కంలోకి మార్చే పద్ధతి చెప్పినది, 1973లో అచ్చయింది. ఆ పద్ధతికి కూడా ఈ సర్వనామం లొంగలేదు. 1981లో హాన్స్ కాంప్, 1982లో ఐరీన్ హైమ్ ఎవరికి వాళ్లు దాదాపు ఒకే దారి కనిపెట్టారు. "బోరు వేయించిన" అన్న మాట బోరు ఉందని చెప్పి ఊరుకోదట, దాని పేరున ఒక ఖాతా తెరుస్తుందట. తర్వాత వచ్చే "అందులో" నేరుగా ఆ ఖాతాలోకి పోతుంది. "ప్రతి" అనేది రైతుల మీద మాత్రమే తిరగదు, రైతు-బోరు జంటలన్నిటి మీదా తిరుగుతుంది. కాంప్ వీటిని డబ్బాలు గీసి చూపిస్తాడు. మా ల్యాబ్‌లో "నీ డబ్బాలు ఎంతవరకు వచ్చాయి?" అని అడుగుతారు, బయటివాళ్లు వింటే ప్యాకింగ్ కంపెనీ అనుకుంటారు.

కాంప్, హైమ్ చెప్పినట్టు చేస్తే నా వాక్యానికి వచ్చే అర్థం ఇది: ఏ రైతైనా, అతను వేయించిన ఏ బోరైనా, అందులో నీళ్లు పడ్డాయి. అన్ని బోర్లలోనూ! మా జిల్లాలో ఆ వాక్యం నిజం కావాలంటే దేవుడే దిగిరావాలి.

ఎందుకంటే మాది ఆ నేల. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి దాటి రావాలి. సాగర్ డ్యామ్ మా జిల్లాదే, కానీ ఎడమ కాలువ నీళ్లు హాలియా, మిర్యాలగూడ దిక్కు పారతాయి, మా మెట్టకు ఎక్కవు. కింద గ్రానైటు. ఆ రాతిలో ఎక్కడో పగులు దొరికితేనే నీళ్లు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, అది లేచి నిలబడ్డ చోట పాయింటు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బోరు బండి వచ్చిన రోజు ఇంట్లో పొయ్యి మీద ఏముందో ఎవరికీ పట్టదు. దుమ్ము లేచిందంటే ఆ రాత్రి ఎవరికీ అన్నం దిగదు. మా పెద్దనాయన నాలుగు బోర్లు వేయించాడు. మూడింట్లో దుమ్మే లేచింది. నాలుగోది ఇంచున్నర పోస్తుంది. దాని మీదే రెండెకరాల బత్తాయి తోట బతుకుతోంది.

ఇప్పుడు చెప్పండి, పెద్దనాయనను కలుపుకుని "బోరు వేయించిన ప్రతి రైతుకూ అందులో నీళ్లు పడ్డాయి" అనొచ్చా, అనకూడదా? అనొచ్చంటే ఆ వాక్యానికి ఉన్నది బలహీనమైన అర్థం: ఒక్క బోరులో పడినా చాలు. అనకూడదంటే బలమైన అర్థం: అన్నిట్లోనూ పడాలి. ఈ రెండు పేర్లూ నావి కావు, ఈ రంగంలో అందరూ వాడేవే. ఇంగ్లీషు వాక్యాల మీద దీని గురించి దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. తెలుగులో ఏమవుతుందో మా ఊళ్లో అడిగి తెలుసుకుందామని 2024 వానకాలంలో ఇరవై వాక్యాలు ప్రింటు తీసుకుని బస్సెక్కాను.

మొదటి కాగితం పెద్దనాయనకే ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. తిరిగి నా చేతికిచ్చాడు.

"ఇది ఎవలు మాట్లాడే మాట బిడ్డా? ఆఫీసుల నోటీసు లెక్కుంది."

"మరి నువ్వెట్లంటవు పెద్దనాయనా?"

"ఏముంది? బోరేసినోళ్లందరికి నీళ్లు పడ్డయి. గంతే."

గంతే! నేను మూడు నెలలు చదువుకుని వచ్చిన సరుకంతా ఆ గంతేలో కొట్టుకుపోయింది. "ప్రతి" పోయింది, అది మా ఊళ్లో నోటికి రాని మాట. ఏకవచనంలో ఉన్న రైతు పోయి "ఏసినోళ్లు" వచ్చారు. అన్నిటికన్నా ఘోరం, "అందులో" పోయింది. నేను ఏ సర్వనామం కోసమైతే హైదరాబాద్ నుంచి వచ్చానో ఆ సర్వనామాన్ని మావాళ్లు పలకనే పలకరు. ఇంగ్లీషులో అది లేకుండా కుదరదు. తెలుగులో తెలిసిన సంగతిని మళ్లీ అనం, వదిలేస్తాం. అంటే కంప్యూటర్ ముందు లేని మాటను ఊహించుకోవాలి, తర్వాత ఆ ఊహించుకున్న మాటకు అర్థం వెతకాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషులో "ఒక గాడిద" అనాలి, తెలుగులో ఉత్త "బోరు" అంటే చాలు. అది ఒకటో నాలుగో ఆ మాటలో లేదు. ఇవన్నీ వ్యాకరణ పుస్తకాల్లో చదివినవే. చదవడం వేరు, మన ఇంటి అరుగు మీద కూర్చుని మన ప్రశ్నపత్రం అట్లా చిరిగిపోవడం చూడటం వేరు.

వాక్యాలన్నీ మా ఊరి మాటలో మళ్లీ రాసుకున్నాను. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. జవాబులు బాగానే వస్తున్నాయనుకున్నాను, అసలు బాగా వస్తున్నాయి. ముఖ్యంగా అప్పు గురించిన వాక్యాలకు. అడగని లెక్కలు కూడా చెప్తున్నారు, సొసైటీలో ఇంత, బయట ఇంత అని. ఐదో రోజు ఒకాయన పాసుబుక్కు జిరాక్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "లిస్టుల పేరు ఎక్కించు బిడ్డా, పోయినసారి తప్పింది."

నాకు అప్పుడు వెలిగింది. మనుషులను ప్రశ్నలడిగే పరిశోధనకు ముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఆ పత్రం నేనే తెలుగు చేశాను. సెమాంటిక్స్ అన్నచోట "అర్థశాస్త్రం" అని రాశాను. మాటల అర్థాల శాస్త్రం కదా అని నా ఉద్దేశం. అర్థశాస్త్రం అంటే తెలుగువాళ్లందరికీ ఎకనామిక్స్. పైగా అవి రెండు లక్షల రుణమాఫీ నడుస్తున్న రోజులు. "అర్థశాస్త్ర పరిశోధన, బోరు, అప్పు, సంతకం" అన్నీ ఒక్క కాగితం మీద చూసినవాళ్లు ఏమనుకుంటారు? మాటల అర్థం మీద పనిచేసే మనిషిని, ఒక్క మాట అర్థం చూసుకోక నాలుగు రోజుల పని మట్టిపాలు చేసుకున్నాను. ఆ జిరాక్సు తిరిగిచ్చి నిజం చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "మల్ల సంతకం ఎందుకు పెట్టిచ్చుకున్నవ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది కానీ ఆయనకు పనికొచ్చే జవాబు కాదు.

ఆ జవాబులన్నీ పక్కన పడేశాను. మేడమ్ ఒక్కటే అన్నారు: "వాళ్ల అప్పులు అడగొద్దు. నువ్వే ఒక ఊరు కల్పించు. ఆ ఊరి గురించి అడుగు."

దసరాకు వెళ్లినప్పుడు ఆ ఊరు కల్పించాను. అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మకు గీసినట్టు నాలుగు గళ్లు గీశాను. ఒక్కో గడి ఒక్కో రైతు పొలం. బోర్లకు చింతగింజలు, పగలగొట్టినవి, అష్టాచెమ్మకు వాడేవే. తెలుపు పైకి ఉంటే నీళ్లు పడ్డట్టు, నలుపు పైకి ఉంటే దుమ్ము లేచినట్టు. అప్పుకు విరిగిన ఎర్ర గాజుముక్క. గింజ పక్కన గాజుముక్క ఉంటే ఆ బోరుకు అప్పు తెచ్చారన్నమాట. సంతకాల కాగితంలో "మాట తీరు మీద పరిశోధన" అని మార్చాను. బతుకమ్మ ఆడి వచ్చిన ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత చుట్టూ చేరారు. మొదటిసారి నేను మగవాళ్లనే ఎక్కువగా అడిగాను, బోర్ల సంగతి వాళ్లకే తెలుస్తుందని. అది కూడా తప్పే.

మూడు గళ్లలో ఒక్కో తెల్ల గింజ. నాలుగో గడిలో ఒక తెలుపు, మూడు నలుపు. "బోరేసినోళ్లందరికి నీళ్లు పడ్డయి. ఒప్పా తప్పా?" ఒప్పు అన్నారు, దాదాపు ఒక్క గొంతుతో. నాలుగో గడిలో నాలుగూ నలుపు చేశాను. తప్పు. ఇంతవరకు సరే. ఇప్పుడు గాజుముక్కలు. మూడు గళ్లలో ప్రతి గింజ పక్కనా ఒక ముక్క. నాలుగో గడిలో నాలుగు గింజల్లో ఒక్కదాని పక్కనే ముక్క. "బోరేసినోళ్లందరు బోరుకు అప్పు తెచ్చిండ్రు." ఈసారి గొంతులు కలవలేదు. ఒకావిడ వేలు పెట్టి చూపించింది: "ఈ మూటికి తేలే గదా, ఎట్లయితది?" ఇంకొకావిడ అయితదంది. రెండు వర్గాలయ్యాయి. కానీ నీళ్ల వాక్యానికి అసలు రాని సందేహం అప్పు వాక్యానికి వచ్చింది, అదీ ఎక్కువమందికి. ఆ తర్వాత వారం రోజులు పక్క ఊళ్లలో గళ్లు గీసినా తీరు మారలేదు.

రెండు వాక్యాల ఎముకలు ఒక్కటే. "బోరేసినోళ్లందరు" రెంట్లోనూ ఉంది. మారింది చివరి ముక్క. మకోటో కనజావా 1994లో రాసిన వ్యాసంలో బలమైన అర్థమా బలహీనమైన అర్థమా అన్నది "ప్రతి", "ఏ ఒక్కరూ" లాంటి మాటల స్వభావాన్ని బట్టి ఉంటుందని చాలా అందంగా చూపించాడు. నాకు ఇష్టమైన వ్యాసం. కానీ నా గళ్లలో ఆ మాట మారలేదు, అర్థం మాత్రం మారింది. అట్లాంటివి ఉన్నాయని అంతకుముందే గమనించినవాళ్లున్నారు. జేబులో చిల్లర ఉన్నవాళ్లందరూ పార్కింగ్ మీటర్లో వేశారంటే జేబులో ఉన్నదంతా కుమ్మరించారని కాదు. ఎందుకట్లా అన్నదానికి నేను రెండు పేజీల వివరణ రాసుకున్నాను. మా పెద్దమ్మ గింజలు ఏరి డబ్బాలో వేస్తూ అదే విషయం చెప్పింది:

"నీళ్లు ఒక్కదాంట్ల పడ్డా తోట పారుతది. అప్పు గట్ల గాదు బిడ్డా. ఒక్కటి గట్టినంత మాత్రాన మిగిలినయి ఊకుంటయా?" అని, ఒక్క క్షణం ఆగి, "నాలుగు బోర్లకు నాలుగుసార్లు నా గొలుసు బోయింది" అంది.

మొదటి మూడు వాక్యాలు నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగోది రాసుకోలేదు. అది సమాచారం అని అప్పుడు నాకు తోచలేదు.

తర్వాత ప్రోగ్రామ్. ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టాను. 1972 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సేలో పుట్టింది, భాషను తర్కంగా మార్చే పనికే పుట్టింది కనుక నాకు దాని మీద ఒక మమకారం. ఊరి సంగతులను వరసగా రాయాలి: ఇతను రైతు, ఇది బోరు, దీన్ని ఇతను వేయించాడు. తర్వాత ప్రశ్న వేయాలి. పెద్దనాయన పక్కన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. సరదాకు ఆయన పేరే పెట్టి, అప్పు లేని రైతులెవరని అడిగాను. పెద్దనాయన పేరు వచ్చింది.

"నాకు అప్పు లేదంటున్నదా?"

ప్రోలాగ్ తీరే అంత. తన దగ్గర రాసి లేనిదంతా అబద్ధమని అనుకుంటుంది. కీత్ క్లార్క్ 1978లో దీనికి గట్టి సిద్ధాంతమే రాశాడు: నిరూపించడంలో విఫలమైతే లేదన్నట్టే లెక్క. రైలు టైమ్ టేబుల్‌కు అది బాగానే ఉంటుంది, కాగితంలో లేని రైలు లేదు. నేను పెద్దనాయన బోర్లు రాశాను, అప్పులు రాయలేదు. కాబట్టి ఆయనకు అప్పు లేదు.

ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఇది మంచి మిషన్. రేపు దీన్ని బ్యాంకు సారు దగ్గరికి తీస్కపోదాం నడువు" అన్నాడు.

తెలియనిదాన్ని తెలియదనే చెప్పే పనిముట్టు కావాలి. అందుకని ప్రూవర్9, మేస్4 అనే జంటకు మారాను. రెండూ విలియం మెక్యూన్ రాసినవి. ఒకటి నిరూపణ వెతుకుతుంది, రెండోది ఆ మాట తప్పయ్యే చిన్న లోకాన్ని కట్టి చూపించడానికి ప్రయత్నిస్తుంది. రెంటినీ ఒకేసారి పరుగెత్తించాలి. ఏది ముందు గమ్యం చేరితే అదే జవాబు. బలమైన అర్థం ఇస్తే ప్రూవర్ కన్ను మూసి తెరిచేలోపు "పెద్దనాయన మూడో బోరులో కూడా నీళ్లున్నాయి" అని నిరూపించేసేది. బలహీనమైన అర్థం ఇస్తే మేస్ ఒక లోకం కట్టేది: ఒకే రైతు, రెండు బోర్లు, ఒకటి తడి, ఒకటి పొడి. ఆ లోకాన్ని తెర మీద చూసినప్పుడు కలిగిన సంతోషం ఎవరికి చెప్పుకున్నా అర్థం కాలేదు. మొత్తానికి నా పని, ఏ క్రియకు ఏ అర్థం ఇవ్వాలో కంప్యూటర్‌కు నేర్పడం. నీళ్లు పడటం లాంటి వాటికి ఒకటి చాలు, అప్పు తేవడం లాంటి వాటికి అన్నీ లెక్కే. "లాంటి" అన్న ఆ మాటను సూత్రంలో పెట్టడానికే ఏడాది పట్టింది, అది ఇప్పటికీ అతుకుల బొంతే.

2025 సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అప్పుల గురించి కొన్ని నియమాలు చేర్చాను. ఊళ్లో విన్నవే. రాత్రి భోంచేసి రెండు ప్రోగ్రాములనూ పరుగెత్తించాను. అంతకుముందు రెప్పపాటులో వచ్చే జవాబు పది నిమిషాలైనా రాలేదు. గంటైంది. ల్యాప్‌టాప్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. వాకిట్లో చలిమంట దగ్గర నుంచి పెద్దనాయన అడిగాడు.

"ఇంకెంతసేపు?"

"తెల్వదు పెద్దనాయనా."

"అందాజగ?"

అందాజగా కూడా చెప్పలేం, అదే ఇందులో తమాషా. 1936లో అలోంజో చర్చ్, అలన్ ట్యూరింగ్ విడివిడిగా నిరూపించిన సంగతి అది. ఈ తర్కంలో ఒక మాట నిరూపణకు నిలుస్తుందా లేదా అని ప్రతిసారీ తేల్చి చెప్పే యంత్ర పద్ధతి ఏదీ ఉండదు. నిరూపణ ఉంటే ఎప్పటికో ఒకప్పటికి దొరుకుతుంది. లేకపోతే వెతుకుతూనే ఉండొచ్చు, ఆగాలో వద్దో తెలియదు. వచ్చిన మాటల్లో ఇదంతా చెప్పాను.

"బోరు లెక్కనే అన్నట్టు" అన్నాడు మంట ఎగదోస్తూ. "నీళ్లుంటే ఎన్నడో ఒకనాడు తగుల్తయి. లేకుంటె ఎంత దిగినా లేవు. ఇంకో పది ఫీట్లు, ఇంకో పది ఫీట్లు అనిపిస్తది. మరి నువ్వు ఎక్కడ ఆపుతవు?"

"టైమ్ పెట్టుకుంటం. మూడొందల సెకన్లు అట్ల."

"మేం పైసలైపోయినప్పుడు ఆపుతం."

ఈ రంగంలో ఇన్నేళ్లలో నేను విన్న వివరణల్లో ఇంతకన్నా సూటిగా చెప్పినది లేదు. క్లాసులో జూనియర్లకు ఇప్పుడు నేను ఇదే చెప్తున్నాను.

ఆ రాత్రి ఆపకుండా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇంకా తిరుగుతూనే ఉంది, బ్యాటరీ కాలిపోతుందేమో అన్నంత వేడి. టీ తాగుతూ నేను చేర్చిన నియమాలను మళ్లీ చదివాను. తప్పు చర్చ్‌దీ కాదు, ట్యూరింగ్‌దీ కాదు. ఊళ్లో అందరూ అనే మాట ఒకటి నియమంగా రాశాను: ఏ అప్పునైనా తీర్చేది దాని తర్వాత తెచ్చిన ఇంకో అప్పే. ముందు వెనకల గురించి మామూలు నియమాలు ఎలాగూ ఉన్నాయి: ఏ అప్పూ తనకు తానే తర్వాతది కాదు, రెండోది మొదటిదాని తర్వాత, మూడోది రెండోదాని తర్వాత అయితే మూడోది మొదటిదాని తర్వాత కూడా. ఈ మూడూ కలిస్తే ఏమవుతుంది? ఒక్క అప్పు ఉంటే చాలు, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి, ఆ వరసకు చివర ఉండదు. అది నిజమయ్యే లోకంలో అనంతమైన అప్పులుండాలి. మేస్ కట్టేది ఎంత పెద్దదైనా సరే, అంతమున్న లోకాన్నే. పాపం రాత్రంతా రెండు వస్తువుల లోకం, మూడు వస్తువుల లోకం, నాలుగు వస్తువుల లోకం అంటూ కట్టి కూల్చుకుంటూ కూర్చుంది. అవతల ప్రూవర్ లేని నిరూపణ కోసం కొత్త కొత్త అప్పులు పుట్టిస్తూ పోయింది.

ఆ నియమాన్ని తీసేశాను. పెద్దనాయన అన్న మాటను అబద్ధం చేసినట్టు అనిపించింది కానీ, కంప్యూటర్ నడవాలి కదా.

పేపర్ సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదట పంపినచోట తిప్పికొట్టారు. ఒక సమీక్షకుడు "ఇది ఒక మాండలికం, ప్రామాణిక తెలుగులో కూడా ఇట్లాగే ఉంటుందా?" అని అడిగాడు. ప్రామాణిక తెలుగులో బోర్లు ఎవరు వేయిస్తారో నాకు తెలియదని రాయాలనిపించింది, రాయలేదు. రెండో సమీక్షకుడిది వేరే ఇబ్బంది. ఉదాహరణల కింద మాటకు మాటగా ఇంగ్లీషు అర్థం ఇవ్వాలన్నది రివాజు. "పడ్డయి" కింద "కింద పడటం" అని ఇచ్చాను. భూమిలోంచి పైకి రావాల్సిన నీళ్లు బోరులో కింద పడటమేమిటి, ఇది వర్షం గురించిన వాక్యమా అని అడిగాడు. నిజమే కదా! పుట్టినప్పటి నుంచి అంటున్న మాట, "నీళ్లు పడ్డయి" ఎంత విచిత్రమో నాకు అప్పటిదాకా తట్టలేదు. దాని మీద ఒక ఫుట్‌నోటు రాశాను, తగలడం అన్న అర్థంలో "పడు" ఎక్కడెక్కడ వస్తుందో చెప్తూ. మొత్తం పేపర్లో నాకు బాగా నచ్చిన భాగం అదే. రెండోసారి ఇంకోచోట పంపితే తీసుకున్నారు.

తుది ప్రతి సరిచూస్తుండగా దసరా నోటుబుక్కు తిరగేశాను. పెద్దమ్మ నాలుగో వాక్యం అందులో లేదు గానీ నా చెవిలో ఉంది. "నాలుగు బోర్లకు నాలుగుసార్లు నా గొలుసు బోయింది." దాన్ని సూత్రంగా రాద్దామని కూర్చున్నాను. అప్పులకైతే ప్రతి బోరుకూ ఒక కొత్త అప్పు. గొలుసు అట్లా కాదు, నాలుగింటికీ అదే గొలుసు. కాబట్టి "గొలుసు ఒకటి ఉంది" అన్నది బోర్లన్నిటికీ బయట, సూత్రం మొదట్లో రావాలి. అప్పు లోపల, గొలుసు బయట. చిన్న మార్పే. ప్రూవర్ వెంటనే ఒప్పుకుంది. ఆ ఉదాహరణను పేపర్లో చివరి క్షణంలో చేర్చాను, ఊళ్లో ఫోన్ చేసి పెద్దమ్మకు చెప్పాను కూడా, నీ గొలుసు పేపర్లకెక్కిందని.

మొన్న ఆవిడే ఫోన్ చేసింది. బత్తాయికి ఈసారి రేటు దొరికిందట.

"గొలుసు ఇడిపిచ్చుకొచ్చినం బిడ్డా. నీ కంప్యూటర్ల మార్చు."

ఫైలు తెరిచాను. గొలుసు తాకట్టులో ఉందని ఒక్క వరస రాసి ఉంది. అది కొట్టేస్తే ఆ నాలుగుసార్లు కూడా జరగనట్టే అవుతుంది. ఉంచితే ఇవాళ పెద్దమ్మ మెడలో ఉన్నది అబద్ధమవుతుంది. నా సూత్రాల్లో ఎక్కడా కాలం లేదు, నిన్న ఇవాళ అనే మాటలే లేవు. పెట్టాలంటే అన్ని నియమాలనూ మొదటి నుంచి తిరగరాయాలి.

"మార్చినవా?" అంది పెద్దమ్మ.

"మారుస్తున్న పెద్దమ్మా" అన్నాను.

"తొందరగ గానియ్యి. ఎండకాలంల ఇంకో పాయింటు చూపిద్దామంటున్నడు మీ పెద్దనాయన."